పదును చూసి విత్తడం

తొలకరి వాన కురిసిన మరునాడు అనంతపురం మెట్ట రైతు చేసే మొదటి పని విత్తనాల మూట విప్పడం కాదు. చేనికి వెళ్ళి ఎర్రమట్టిని తవ్వి చూస్తాడు. తడి జానెడు లోతుకు దిగిందా, బెత్తెడు దగ్గరే ఆగిపోయిందా, పిడికిట పట్టిన మట్టి ముద్దగా నిలుస్తున్నదా, పొడిపొడిగా రాలిపోతున్నదా అని పరీక్షిస్తాడు. దీనినే పదును చూడడం అంటారు. వాన గట్టిగా పడిందని ఊరంతా చెప్పుకొంటున్నా ఆ మాటను నమ్మి గొర్రు కట్టడు. పొరుగు చేనిలో కురిసిన వాన తన చేనిలో కురవకపోవచ్చు. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే ఎరిగిన సీమ అది. పడమటి కనుమల చాటున ఉండడం వలన నైరుతి ఋతుపవనం అక్కడికి చేరేసరికి బలహీనపడుతుంది. తూర్పు తీరానికి దూరం కావడం వలన ఈశాన్య ఋతుపవనమూ పూర్తిగా అందదు. పదును లేని నేలలో వేసిన వేరుశనగ విత్తనం నేలపాలే. మళ్ళీ విత్తనం కొనే స్తోమత చాలామందికి ఉండదు. అందుచేత ఆ పరీక్షలో రైతు తనకు తాను అబద్ధం చెప్పుకోడు.

ఆ చేనికి కూతవేటు దూరంలోనే ఊరి బడి ఉంటుంది. తరగతి గది గోడకు పెద్ద స్పర్శతెర అమర్చి ఉండవచ్చు. ఉపాధ్యాయురాలి సంచిలో ట్యాబ్, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండవచ్చు. శిక్షణకు వెళ్ళిన ఒకనాడు ఆమె ముందుకు ఒక పత్రం వస్తుంది. కంప్యూటర్‌ను వాడగలరా, ఇంటర్నెట్‌లో సమాచారం వెతకగలరా, వీడియో పాఠం చూపగలరా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. ‘బాగా వచ్చు’, ‘కొంత వచ్చు’, ‘రాదు’ అనే మూడు గడులలో ఒకదానిలో గుర్తు పెట్టాలి. పది ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు. మధ్య గడి అందరికీ క్షేమకరం. ‘బాగా వచ్చు’ అంటే పదిమందికి నేర్పమని అడుగుతారు. ‘రాదు’ అంటే చిన్నచూపు చూస్తారు. అలా నిండిన పత్రం పైకి వెళ్ళి అంకెగా మారుతుంది. ఆ అంకె వలన ఆమెకు తన గురించి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

మట్టిని తవ్వి చూడడానికీ, గడిలో గుర్తు పెట్టడానికీ మధ్య ఉన్న దూరమే అసలు సమస్య. సాంకేతిక పరిజ్ఞానం విషయంలో ఉపాధ్యాయులు తమను తాము అంచనా వేసుకోవడం అవసరమా అన్నది నేడు చర్చించవలసిన ప్రశ్న కాదు, అవసరమే. దేనిని కొలవాలి, ఎవరి కోసం కొలవాలి, కొలిచిన ఫలితం ఎవరి చేతిలో ఉండాలి అన్నవి ప్రశ్నలు. ఇక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది ఉపాధ్యాయుడి పరువు కాదు. కరవు సీమలో బడికి వచ్చే పిల్లవాడికి పాఠం దొరికే చోటు బడి ఒక్కటే. పట్టణపు పిల్లవాడికి అర్థం కాని పాఠాన్ని సాయంత్రం ట్యూషన్‌లో మరొకరు చెబుతారు. కూలికి వెళ్ళే తల్లిదండ్రుల బిడ్డకు ఆ రెండవ అవకాశం లేదు. అతని సంవత్సరం కూడా ఒక్కసారి విత్తే చేను వంటిదే.

బడిలోకి యంత్రాలు రావడం కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో మన దేశంలో ‘సైట్’ అనే బోధనా టెలివిజన్ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పెట్టెలు చేరాయి. ఉదయం పూట బడిపిల్లలకు పాఠాలు ప్రసారమయ్యేవి. ఆ ప్రయోగంలో మెచ్చుకోదగిన విషయం ఒకటున్నది: పెట్టెలను పంచడంతో ఆగకుండా వేలాది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ కూడా ఆ మాధ్యమం ద్వారా ఇచ్చారు. ఆ తరువాత 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి కేవలం విద్య కోసమే ఉద్దేశించిన ఎడ్యుశాట్ నింగికెగిసింది. 2017లో ఉపాధ్యాయ దినోత్సవం నాడు ‘దీక్ష’ వేదిక ప్రారంభమైంది. పాఠ్యపుస్తకంలోని నలుపు తెలుపు చదరాన్ని ఫోన్‌తో చదివిస్తే వీడియో తెరుచుకొనే ఏర్పాటు దానితో వచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లను పంపిణీ చేసింది. వాటిలో పాఠాలు నింపిన బైజూస్ సంస్థ 2024 జులై నాటికి దివాలా ప్రక్రియలో చిక్కుకొన్నది.

ఈ వరుసను చూస్తే ఒకటి స్పష్టమవుతుంది. యంత్రం వస్తుంది, పాతబడుతుంది, మరొకటి వస్తుంది. ఎన్ని పెట్టెలు చేరాయో, ఎన్ని ట్యాబ్‌లు పంచారో ప్రతిసారీ లెక్క దొరుకుతుంది. వాటిని ముందు పెట్టుకొని పాఠం చెప్పిన మనిషికి ఏది చేతనైంది, ఏది కాలేదు అన్న లెక్క మాత్రం అంత సులభంగా దొరకదు. ఆ లెక్క రాయగలిగినది ఆ మనిషి ఒక్కరే.

అనంతపురానికి ఈ అనుభవం నీటి విషయంలో ముందే ఉన్నది. బావులు ఎండినప్పుడు బోరు యంత్రాలు వచ్చాయి. వందల అడుగుల లోతుకు రాతిని తొలిచే శక్తి వాటికి ఉన్నది. ఆ శక్తిని చూసి రైతులు అప్పులు తెచ్చి బోర్లు వేయించారు. ఒకటి ఎండితే రెండవది, అదీ ఎండితే మూడవది. యంత్రం తన పని తాను చక్కగానే చేసింది. నేల అడుగున నీరు ఎంత ఉన్నదో, వానలు ఎంత నీటిని తిరిగి ఇవ్వగలవో మాత్రం అది చెప్పలేదు. తరగతి గదిలోని తెర కూడా అటువంటిదే. అది వెలగడం దాని సామర్థ్యం. దాని వెలుగులో పిల్లవాడికి ఏమి అర్థమైనదో చూడడం వేరొక సామర్థ్యం, అది మనిషిది.

ఈ తేడాను విద్యావేత్తలు గుర్తించకపోలేదు. ఉపాధ్యాయులకు ఉండవలసిన సాంకేతిక సామర్థ్యాలపై యునెస్కో 2008లో ఒక ప్రణాళికను ప్రకటించి, 2011లోనూ 2018లోనూ సవరించింది. 2018 నాటి ప్రణాళికలో ఆరు అంశాలు, మూడు స్థాయిలు, మొత్తం 18 సామర్థ్యాలు ఉన్నాయి. ఆ ఆరు అంశాలలో పరికరాలను వాడే నైపుణ్యం ఒకటి మాత్రమే. మిగిలిన ఐదూ విద్యావిధానాన్ని అర్థం చేసుకోవడం, పాఠ్యప్రణాళిక-మూల్యాంకనం, బోధనా పద్ధతి, తరగతి నిర్వహణ, ఉపాధ్యాయుని వృత్తిపరమైన ఎదుగుదల. శిక్షణ శిబిరాలలోని పత్రాలు మాత్రం తరచు ఆ ఒక్క అంశం చుట్టూనే తిరుగుతాయి. అంతకు ముందే, 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే ఇద్దరు ఆచార్యులు మరొక వివరణ ఇచ్చారు. విషయ జ్ఞానం, బోధనా జ్ఞానం, సాంకేతిక జ్ఞానం అనే మూడు వలయాలను ఒకదానిపై ఒకటి వేసి, మూడూ కలిసే చోటనే మంచి పాఠం పుడుతుందని వారు చెప్పారు. తెలుగు ఉపాధ్యాయుడికి ఛందస్సు తెలియాలి. దానిని పదిహేనేళ్ళ పిల్లలకు ఎలా చెప్పాలో తెలియాలి. పద్యాన్ని రాగయుక్తంగా వినిపించే ధ్వనిముద్రణ ఎక్కడ దొరుకుతుందో తెలియాలి. ఈ మూడూ విడివిడిగా తెలిసినా చాలదు. గురువు, లఘువు గుర్తించడానికి ముందు వినిపించాలా, తరువాత వినిపించాలా అన్న నిర్ణయం మూడింటినీ కలిపి చేయవలసినది. ‘ధ్వనిముద్రణ వినిపించగలరా?’ అన్న ప్రశ్నకు ‘వచ్చు’ అని గుర్తు పెట్టినంత మాత్రాన ఆ నిర్ణయం తెలిసినట్లు కాదు.

తనను తాను కొలుచుకోవడంలో మరొక చిక్కు ఉన్నది. 1999లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డన్నింగ్, క్రూగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తర్కం, వ్యాకరణం వంటి విషయాలలో విద్యార్థులకు పరీక్షలు పెట్టి, ఎవరి స్థానాన్ని వారినే అంచనా వేయమన్నారు. అందరికంటె తక్కువ మార్కులు వచ్చిన నాలుగవ వంతు విద్యార్థులు తాము సగటుకంటె మెరుగని భావించారు. ముందు వరుసలో నిలిచినవారు తమ స్థానాన్ని కొంత తగ్గించుకొని చెప్పారు. ఏది రాదో తెలుసుకోవడానికి కూడా కొంత వచ్చి ఉండాలి కదా! ఈ రెండు రకాలవారూ ఉపాధ్యాయుల గదిలో కనిపిస్తారు. ఫోన్‌పై వేళ్ళు చకచకా కదిలించే యువ ఉపాధ్యాయుడు తనకు అంతా వచ్చుననుకొంటాడు. పీరియడ్ మొత్తం వీడియో నడిపి, పిల్లలు నిశ్శబ్దంగా ఉన్నందున పాఠం బాగా సాగిందనుకొంటాడు. పదవీ విరమణకు దగ్గరైన పెద్ద మాస్టారు తనకు ఏమీ రాదంటాడు. అయితే ఏ చిత్రం చూపితే పిల్లవాడికి కిరణజన్య సంయోగక్రియ తట్టుతుందో, ఏ చోట ఆపి ప్రశ్న వేయాలో ఆయనకు బాగా తెలుసు. మీట ఎక్కడ నొక్కాలో మాత్రమే తెలియదు. మీట నొక్కడం ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. ఎక్కడ ఆపాలో తెలియడానికి ఏళ్ళు పడుతుంది. పత్రంలోని గడులు యువకుడికి మార్కులు వేసి, పెద్దాయనకు సున్న పెడతాయి. ఇద్దరినీ ఒక తరగతిలో కూర్చోబెట్టి ఒకరి పాఠం ఒకరు చూసేటట్లు చేస్తే ఏ పత్రమూ చెప్పని సంగతి ఇద్దరికీ తెలుస్తుంది.

ఇక్కడ అధికారుల వైపు నుంచి ఒక న్యాయమైన వాదన ఉన్నది. ఎవరికి ఏమి రాదో తెలియకపోతే శిక్షణ ఎలా ఏర్పాటు చేయాలి? అన్ని వేల మంది బోధనను ఒక్కొక్కరిగా చూసి రావడం సాధ్యమా? ఈ వాదనను తోసిపుచ్చలేము. అయితే సమాచారం సేకరించడానికి పేరు రాయించవలసిన పని లేదు. ఒక మండలంలో ఎంతమందికి తెర వాడకం కష్టంగా ఉన్నదో తెలిస్తే చాలు. ఆ కష్టం ఎవరిదన్నది అవసరం లేదు. ‘రాదు’ అని రాసినందువలన సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుందన్న అనుమానం ఉన్నంతకాలం ఏ ఉపాధ్యాయుడూ ఆ మాట రాయడు. రాయని లోపానికి శిక్షణ దొరకదు. రైతు పదును చూసేటప్పుడు పక్కన ఎవరూ నిలబడి మార్కులు వేయరు. నిజం చెప్పుకోవడం సులభం కావడానికి అదీ ఒక కారణమే.

‘ఇంత గొడవ ఎందుకు, సుద్దముక్క, నల్లబల్ల ఉంటే చాలదా?’ అనే పెద్దలు కూడా ఉన్నారు. సుద్దముక్కతో గొప్ప పాఠాలు చెప్పిన గురువులు ఈ నేలపై ఎందరో ఉన్నారు. రాయలసీమకు ఆ పేరును 1928లో ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం దత్తమండల కళాశాలలో పాఠం చెప్పినవారే. అప్పుడు తెరలూ లేవు, ట్యాబ్‌లూ లేవు. కాని ఆ కారణంగా నేటి ఉపాధ్యాయుడు నేర్చుకోవడం మానివేస్తే దాని భారం పిల్లలపై పడుతుంది. ప్రయోగశాల లేని బడిలో రసాయన చర్యను చూపగలిగేది వీడియోయే. చూపు లేని విద్యార్థికి పుస్తకాన్ని చదివి వినిపించే సౌకర్యం ఫోన్‌లోనే ఉన్నది. అది ఉన్నదని ఉపాధ్యాయుడికి తెలియకపోతే ఆ విద్యార్థి స్నేహితుల దయపై ఆధారపడి చదవవలసి వస్తుంది. పదవ తరగతి తరువాత కళాశాల ప్రవేశాలు, ఉపకార వేతనాలు, పరీక్ష ఫలితాలు అన్నీ ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఒక దరఖాస్తు ఎలా నింపాలో బడిలో చూడని అమ్మాయి ఇంటర్నెట్ కేంద్రం వాడు నింపిన తప్పుల వలన ఉపకార వేతనం పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. సుద్దముక్కపై గౌరవం వేరు, నేర్చుకోవడానికి బద్ధకం వేరు. ఈ రెండవది మొదటిదాని వేషం వేసుకొని వచ్చినప్పుడు గుర్తుపట్టవలసినదీ ఉపాధ్యాయుడే.

2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు ఈ విషయం మరొక రూపంలో బయటపడింది. పాఠాలు దూరదర్శన్ సప్తగిరికీ, ఫోన్‌లకూ మారాయి. అనంతపురం పల్లెల నుంచి పనుల కోసం బెంగళూరు వంటి నగరాలకు వలస వెళ్ళే కుటుంబాలు ఎన్నో. ఇంటికి ఒక ఫోన్ ఉంటే అది తండ్రితో పాటు పనికి వెళ్ళింది. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న ఇంట ఒక్క ఫోన్ అన్నకు దొరికితే చెల్లెలికి దొరకలేదు. ఆ రోజుల్లో ఉపాధ్యాయుని సాంకేతిక సామర్థ్యాన్ని కొలవవలసివస్తే ఎన్ని వీడియోలు తయారు చేశారని అడగడం దండగ. ఆ వీడియో ఎవరి ఇంటికి చేరలేదో ఆ ఉపాధ్యాయునికి తెలుసా, తెలిస్తే ఆ పిల్లవాడి కోసం ఏమి చేశాడు అని అడగాలి. రచ్చబండ దగ్గర నలుగురిని కూర్చోబెట్టి పాఠం చెప్పడం, తన ఫోన్‌నే గంటసేపు ఇవ్వడం, అచ్చు కాగితాలు ఇంటింటికీ పంపడం వంటివి ఏ పత్రంలోని గడిలోనూ పట్టవు. అయినా అవి సాంకేతిక పరిజ్ఞానంలో భాగమే. పరికరం ఎంతవరకు చేరుతుందో తెలిసినవాడే దానిని సరిగా వాడగలడు.

చేరడంలో భాష కూడా ఒక మెట్టు. మడకశిర, రాయదుర్గం వంటి సరిహద్దు ప్రాంతాలలో ఇంట కన్నడం మాట్లాడే పిల్లలు తెలుగు పాఠానికి వస్తారు. నగరంలో తయారైన వీడియోలోని గొంతు వారికి రెండు విధాల దూరం: అది వారి భాష కాదు, వారి ఊరి తెలుగూ కాదు. అటువంటి తరగతిలో ఒకే వాక్యాన్ని ఆపి ఆపి వినిపించగల సౌకర్యం వరంగా మారుతుంది. ఆపకుండా పరుగెత్తించే అలవాటు శాపంగా మారుతుంది. రెండింటికీ యంత్రం ఒకటే. కరెంటు పోయినప్పుడు ఏమి చేయాలన్నది మరొక పరీక్ష. నంబులపూలకుంటలో వేల ఎకరాలలో సౌర ఫలకాలున్నా, రామగిరి కొండలపై గాలిమరలు తిరిగినా, బడిలో కరెంటు పోతే పోయినట్లే. తెర నల్లబడిన నిమిషంలోనే బల్లపై బొమ్మ గీసి పాఠాన్ని కొనసాగించగల ఉపాధ్యాయుడు, కరెంటు కోసం పీరియడ్ ముగిసేదాకా ఎదురు చూసే ఉపాధ్యాయుడికంటె సాంకేతికంగా ముందున్నట్లే లెక్క. విపరీతంగా తోచినా ఇది నిజం.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత పాఠ్య ప్రణాళిక, ప్రశ్నపత్రం, పద్యానికి తాత్పర్యం వంటివి అడిగిన క్షణంలో సిద్ధమవుతున్నాయి. 2024లో యునెస్కో ఉపాధ్యాయుల కోసం కృత్రిమ మేధకు సంబంధించిన సామర్థ్యాలను విడిగా రూపొందించింది. తెలుగు బోధించేవారికి ఇక్కడ ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. ఈ యంత్రాలు తెలియని విషయాన్ని కూడా తెలిసినట్లే తడబడకుండా చెబుతాయి. లేని పద్యాన్ని కవి పేరుతో అంటగట్టవచ్చు. ఒక గ్రంథాన్ని మరొక కవికి అప్పగించవచ్చు. తెలుగులో వాటికి అందుబాటులో ఉన్న రచనలు ఇంగ్లీషుతో పోలిస్తే చాలా తక్కువ కనుక ఈ ప్రమాదం మరింత ఎక్కువ. అందుచేత ఉపాధ్యాయుడు వేసుకోవలసిన ప్రశ్న ‘దీనిచేత రాయించగలనా?’ అన్నది కాదు, ‘ఇది రాసినదాంట్లో తప్పు ఉంటే పట్టుకోగలనా?’ అన్నది. ఆ ప్రశ్నకు జవాబు కంప్యూటర్ శిక్షణలో దొరకదు. కావ్యాలు, నిఘంటువులు, వ్యాకరణం చదివిన సంవత్సరాలలో దొరుకుతుంది. పాత చదువు అవసరం తీరిపోయిందనుకొనేవారు ఈ సంగతి గమనించడం మంచిది.

ఇన్ని మాటల తరువాత ఒక పాఠాన్ని దగ్గరగా చూడవచ్చు. పెన్న ఒడ్డున ఉన్న ఏదో ఒక ఊరి ఉన్నత పాఠశాల అనుకోవచ్చు. అనంతపురం జిల్లా తరిమెలలో జన్మించిన విద్వాన్ విశ్వం రాసిన ‘పెన్నేటి పాట’ను ఉపాధ్యాయురాలు పరిచయం చేయాలి. కరవు సీమ బతుకును చెప్పిన కావ్యం అది. ముందురోజు రాత్రి ఆమె ఒక నోటు పుస్తకం తెరిచి తనను తాను ప్రశ్నించుకొంటుంది. ఈ పాఠంలో పిల్లలకు అందనిది ఏది? నది ఎండిపోవడం వారికి తెలుసు. అది చూపడానికి వీడియో ఎందుకు? నది ఒకప్పుడు నిండుగా పారిందని వారు చూడలేదు. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుందని, తమ ఊరి ఇసుక ఆ పొడవైన దారిలో ఒక చిన్న ముక్క అని వారికి కంటికి కట్టదు. అక్కడ ఉపగ్రహ చిత్రం పనికి వస్తుంది. ఆ చిత్రాన్ని తెరపైకి తేవడం తనకు వచ్చునా? వచ్చు. నెట్ లేకుండా చూపేందుకు ముందుగా దాచుకోవడం వచ్చునా? రాదు. ఆ మాటను దాచకుండా పుస్తకంలో రాసుకొంటుంది. మరునాడు ఉదయం పదవ తరగతి కుర్రవాడిని అడిగి పది నిమిషాలలో నేర్చుకొంటుంది. శిష్యుడి దగ్గర నేర్చుకొన్నందుకు ఆమె గౌరవం తగ్గలేదు. ఆ కుర్రవాడు మాత్రం ఆ రోజంతా కొంచెం ఎత్తుగా నడిచాడు.

అయినా ఆ రోజు ఆమె తెరను వెలిగించలేదు. పిల్లలను వెంటబెట్టుకొని ఏటిలోకి వెళ్ళింది. కావ్యంలోని కొంత భాగాన్ని ఇసుకపై కూర్చొని చదివి వినిపించింది. పిల్లలు చేతులతో ఇసుకను తోడి చెలమ తీశారు. మోచేతి లోతున ఇసుక తడిసింది. కాసేపటికి అడుగున నీరు ఊరింది. ఒక పిల్ల దోసిట పట్టి, “మేడమ్, ఏరు ఎండిపోయింది కదా, ఈ నీళ్ళు యాడనుంచి వస్తాండాయి?” అని అడిగింది. ఉపాధ్యాయురాలు వెంటనే జవాబు చెప్పలేదు. ఏటి పైభాగం ఎటువైపు ఉన్నదో చూపించమన్నది. సగంమంది తూర్పుకు, సగంమంది పడమటికి చేయి చూపారు.

మరునాడు తరగతిలో తెర వెలిగింది. నంది కొండల నుంచి మొదలుపెట్టి ఆమె చిత్రాన్ని నెమ్మదిగా జరుపుతూ వచ్చింది. బుక్కపట్నం చెరువు వంటి పాత చెరువుల గుర్తులు అక్కడక్కడ మెరిశాయి. తమ ఊరి దగ్గరకు రాగానే పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. తెల్లని ఇసుక చారను వేలితో తాకి, నిన్న తాము చెలమ తీసిన చోటు ఇదేనని ఒకరు, కాదు కొంచెం పైన అని మరొకరు వాదించుకొన్నారు. చిత్రం అక్కడే ఆగింది. నేలలోకి ఇంకిన నీరు ఇసుక అడుగున ఎలా కదులుతుందో ఆమె నల్లబల్లపై సుద్దముక్కతో గీయడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం నోటు పుస్తకంలో రెండు వాక్యాలు చేరాయి: ‘చిత్రం చూపడానికి నాలుగు నిమిషాలు చాలింది. వెనుక వరుసలో కూర్చున్న ముగ్గురికి తెర కనిపించలేదు, రేపు వారిని ముందుకు పిలవాలి.’